వచ్చేటప్పుడు రూపాయలు, ఇచ్చేటప్పుడు చింతపిక్కలా?

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారం. తణుకులో నాది చిన్న పెయింట్ల షాపు. తమరు నరసాపురం కోడలు, అంటే మా జిల్లా కోడలు. ఆ చనువుతో రాస్తున్నాను. నేనిచ్చిన విరాళం మీద పన్ను గొడవ గురించి పోర్టల్లో మూడుసార్లు ఫిర్యాదు పెట్టాను. మూడుసార్లూ "అంతా చట్ట ప్రకారమే" అని ఇంగ్లీషులో ఒక ముక్క రాసి మూసేశారు.

కంపెనీలు డీలర్లకిచ్చే బహుమతుల మీద ముందే పది శాతం పన్ను పట్టే 194ఆర్ సెక్షన్ గురించి తమరికి నేను చెప్పేదేముంది! టార్గెట్ కొట్టినందుకు కంపెనీ నాకు 64,000 రూపాయల విలువైన ట్రావెల్ పాయింట్లు ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు లెండి, ముందు పది శాతం, 6,400 కట్టమన్నారు. పన్ను కట్టిందాకా పాయింట్లు వదలకూడదని సెక్షన్‌లోనే ఉందట. కట్టాను. రిటర్న్‌లో ఆ 64,000 వ్యాపార ఆదాయంలో కలిపితే, నా 20 శాతం స్లాబుకి ఇంకో 6,400 తేలింది. పైన సెస్సు. అదీ కట్టాను. విమానం మెట్టు ఎక్కకుండానే!

మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, బ్యాంకాక్ ఎవరు వెళ్తారు? కంపెనీ యాప్‌లో పాయింట్లు విరాళం ఇచ్చే వీలుంటే మొత్తం ఒక అనాథాశ్రమానికి ఇచ్చేశాం. ఆశ్రమానికి 80జీ ఉంది, అంటే అక్కడిచ్చిన విరాళానికి పన్ను మినహాయింపు దొరుకుతుంది. నేనింకా పాత పన్ను విధానంలోనే ఉన్నాను (కొత్తదాంట్లో 80జీ ఎత్తేశారుగా, ఆ గోడు ఇంకో ఉత్తరంలో). మే నెలాఖరుకి విరాళం ఇచ్చినట్టు 10బీఈ సర్టిఫికెట్ వస్తుందని చూశాను. వచ్చింది, కంపెనీ పేరున, కంపెనీ పాన్‌తో! ఆశ్రమం గుమస్తాని అడిగితే, "డబ్బు ఎవరి ఖాతాలోంచి వస్తే వాళ్ళ పేరే రాస్తామండీ" అన్నాడు. పాపం అతని తప్పేముంది. ఆడిటరు గారైతే, "మీరిచ్చింది పాయింట్లు. డబ్బు ఇస్తేనే 80జీ" అని తేల్చేశారు.

అమ్మా, నాకు మింగుడుపడనిది ఇదే. పోయిన దసరాకి అదే ఆశ్రమానికి పది బస్తాల బియ్యం ఇచ్చాను. వస్తువుకి మినహాయింపు లేదన్నారు, సరే అనుకున్నాను. ఆ బియ్యం నా ఆదాయమని ఎవరూ పన్ను వెయ్యలేదు. ఈ పాయింట్లకి వేశారే! నా చేతికొచ్చేటప్పుడు రూపాయి పైసలతో లెక్కగట్టిన వాళ్ళకి, చెయ్యి దాటేసరికి అవి చింతపిక్కలెలా అయ్యాయి? హుండీలో వేసినదానికి ఏనాడూ రసీదు అడగని మనిషిని నేను. నా డబ్బుతో పుణ్యం కంపెనీ ఖాతాలో పడితే మాత్రం కడుపు మండుతోంది.

2022 జూన్‌లో 12వ నంబరు సర్క్యులర్‌లో డీలర్ల టూర్ల మీద తమ ప్రత్యక్ష పన్నుల బోర్డే ప్రశ్నలు వేసుకుని జవాబులు చెప్పింది. అందులో ఇలా పాయింట్లు విరాళమిస్తే ఎలా అని ఇంకొక్క ప్రశ్న చేర్పించలేరా? లేదా పన్ను కట్టిన పాయింట్లకైనా 10బీఈ మా పేరున ఇమ్మనండి. అదీ కాదంటే అసలు పన్నే వద్దనండి. ఏదో ఒకటి చెయ్యండమ్మా.

నాలుగో ఫిర్యాదు నిన్న పెట్టాను. మూసేముందు ఎవరినైనా ఒక్కసారి చదవమనండి. జవాబు తెలుగులో ఇప్పిస్తే మా ఆవిడకి కూడా చూపిస్తాను.

ఇట్లు,
ఒక పెయింట్ల డీలరు, తణుకు