ఈ ఏడాది చేసింది, చేయలేకపోయింది: కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మన నర్సుల సంఘం సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నిబంధనల్లో ఉంది కాబట్టి రాస్తున్నాను, లేకపోతే వరస నైట్ డ్యూటీల మధ్య ఇంత రాసే ఓపిక నాకు లేదు. పోయినసారి పని చేసినవాళ్ల పేర్లు రాలేదని కొందరు అలిగారు. ఈసారీ పేర్లు రాయడం లేదు. ఈ నివేదిక వాట్సాప్‌లో ఎక్కడెక్కడికో పోతుంది, అందులో పేరు కనిపిస్తే ఆవిడ లైసెన్సు పరీక్ష పాసయిందా, తప్పిందా అని పది మంది ఆరాలు తీస్తారు. నాకు ఆ గొడవ వద్దు, పేరు బయటపడ్డవాళ్లకి అసలే వద్దు.

మన రోజువారీ పని సంగతి తెలిసిందే, ఇండియాలో నర్సింగ్ చదివి ఇక్కడ అమెరికాలో ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు కోసం తిరిగేవాళ్ల ఫైళ్లు ముందుకు కదిలేలా చూడడం. రాష్ట్ర నర్సింగ్ బోర్డుకి దరఖాస్తు, సీజీఎఫ్‌ఎన్‌ఎస్ (ఇప్పుడు పేరు ట్రూమెరిట్) లాంటి చోట చదువు పత్రాల పరిశీలన, పరీక్ష కేంద్రాలు నడిపే పియర్సన్ వ్యూలో 200 డాలర్ల రిజిస్ట్రేషన్, ఆ తర్వాత పరీక్ష రాయడానికి అనుమతి పత్రం. ఇండియాలోనే కూర్చుని రాస్తే ఇంకో 150 డాలర్లు. ఏ బోర్డు ఏం అడుగుతుందో దానికదే. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోతే దరఖాస్తే ముట్టుకోని రాష్ట్రాలున్నాయి, థియరీ, క్లినికల్ (ఆసుపత్రిలో చేసే శిక్షణ) ఒకే సమయంలో జరిగాయా అని ఆరా తీసే కాలిఫోర్నియా లాంటివి ఉన్నాయి. ఎవరికి ఏ రాష్ట్రం సరిపోతుందో చెప్పే పట్టిక ఈ ఏడాది మన ఉపాధ్యక్షురాలు ఒక్కతే కూర్చుని తిరగరాసింది. నలుగురు చేస్తామన్న పని అది. మిగతా ముగ్గురూ ఈ సమావేశానికి వస్తారనే అనుకుంటున్నాను.

ఒక చెల్లెలి ట్రాన్స్‌క్రిప్టు ఐదు నెలలు ఒక కాలేజీ ఆఫీసులో ఇరుక్కుపోయింది. క్లర్కు సెలవు, తర్వాత సంతకం పెట్టే ఆయన సెలవు, ఆ తర్వాత సీలు కనబడలేదట! ఇక్కడ పత్రాలు పరిశీలించే ఆఫీసుకి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించి పెట్టేశారు. కోపం వచ్చినమాట నిజమే. కానీ కాలేజీ నుంచే నేరుగా కవరు రావాలని ఎందుకు పట్టుబడతారో కూడా మనవాళ్లు అర్థం చేసుకోవాలి. 2023 జనవరిలో ఫ్లోరిడాలో బయటపడ్డ నకిలీ డిప్లొమాల కేసు గుర్తుందిగా, 7,600కు పైగా దొంగ సర్టిఫికెట్లు అమ్మారు, వాటిని కొన్నవాళ్లలో దాదాపు 2,400 మంది పరీక్ష కూడా పాసయ్యారు. పరీక్ష ఒక్కటే సరిపోదని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. క్లినికల్ గంటలు ఎవరో ఒకరు నిలబడి చేయించాలి, చేయించామని సంతకం పెట్టాలి. ఆ సీలు కోసం ఐదు నెలలు ఎదురుచూసిన మన చెల్లెలికి ఈ మాట చెబితే నన్ను తినేసేలా చూసింది, అది వేరే సంగతి.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన పని. ఎన్‌క్లెక్స్ కోసం, అంటే ఆ లైసెన్సు పరీక్ష కోసం, పెట్టిన రెండు రోజుల వర్క్‌షాప్.

ఇది పెట్టాలనే ఆలోచన ఒక బాధలోంచి వచ్చింది. పదిహేనేళ్లు ఐసీయూలో చేసిన అక్కలు పరీక్ష తప్పుతున్నారు, నిన్నమొన్న బీఎస్సీ పూర్తి చేసిన పిల్లలు పాసవుతున్నారు. అక్కలేమో పరీక్షే తప్పంటారు. నేనూ కొన్నాళ్లు అలాగే అన్నాను. తీరా చూస్తే, ఆ పరీక్ష వాళ్ల పదిహేనేళ్ల గురించి అడగడమే లేదు. కొత్తగా లైసెన్సు తీసుకున్న నర్సు మొదటి ఏడాదిలో రోగికి హాని జరగకుండా పని చేయగలదా లేదా, అంతే. ఎంట్రీ లెవెల్ అంటే అదే.

వర్క్‌షాప్‌లో సీనియర్ ఒకరిని, కొత్త పిల్ల ఒకరిని జంటగా కూర్చోబెట్టాం. ఒక కేసు ఇచ్చాం. ఆపరేషన్ అయిన మర్నాడు రోగి ఊరికే అటూ ఇటూ కదులుతున్నాడు, పల్స్ 118, బీపీ పడిపోతోంది, యూరిన్ గంటకి 20 మిల్లీలీటర్లే. ముందు ఏం చేస్తావు? మా సీనియర్ అక్క తడుముకోకుండా "ఫ్లూయిడ్స్ పెంచేస్తా, డాక్టర్ వచ్చాక సంతకం పెడతాడు" అంది. పక్కనున్న పిల్ల మెల్లగా "అక్కా, ఆర్డర్ లేదు కదా, ముందు డ్రెస్సింగ్ చూద్దాం, వీపు కింద కూడా చెయ్యి పెట్టి చూద్దాం, రక్తం పోతోందేమో, చూసి అప్పుడు ఫోన్ చేద్దాం" అంది. గదిలో ఎవరూ మాట్లాడలేదు కాసేపు. ఆ అక్కకి విషయం తెలియక కాదు. రక్తం పోతోందని ఆ పిల్లకంటే ముందే ఆవిడకి తెలిసిపోయి ఉంటుంది. కానీ చేతికి వచ్చేసిన పని, మన పరిధిలో ఉన్న పని వేరువేరు అని ఆ రోజు అందరం చూశాం.

పని అప్పగించే ప్రశ్నల దగ్గరా ఇదే తంతు. ఇండియాలో వార్డుల్లో సగం పని రోగి బంధువే చేస్తాడు, ఒళ్లు తుడవడం, తినిపించడం, బెడ్‌పాన్ పెట్టడం. పరీక్షలో ఆ బంధువు ఉండడు, అసిస్టెంటూ, ఆర్‌ఎన్ కింద పని చేసే ఎల్‌పీఎన్ అనే నర్సూ ఉంటారు, ఎవరికి ఏది ఇవ్వాలో మనం తేల్చాలి. అసెస్‌మెంటు, రోగికి నేర్పించడం, ఫలితం చూసి అంచనా వేయడం ఆర్‌ఎన్ చేతిలోనే ఉంచుకోవాలి. పరీక్షలో దేనికెంత వాటా అని చెప్పే 2023 టెస్ట్ ప్లాన్‌లో ఇవన్నీ వచ్చే భాగానికే అన్నిటికంటే ఎక్కువ వాటా, 15 నుంచి 21 శాతం. మనవాళ్లు మాత్రం మందుల పేర్లు బట్టీ పట్టడంలోనే నెలలు గడిపేస్తారు.

రెండో రోజు అపోహల మీద గడిచింది. 85 ప్రశ్నలకే కంప్యూటర్ ఆగిపోతే పాసని కొందరు, తప్పామని కొందరు ఏడుస్తూ బయటికొస్తారు. రెండూ కాదు. 1994 నుంచి ఈ పరీక్ష మన జవాబును బట్టి తర్వాతి ప్రశ్నను ఎంచుకుంటోంది. మనం పాసయ్యే గీతకి పైన ఉన్నామనో కింద ఉన్నామనో దానికి 95 శాతం నమ్మకం కుదిరితే ఆపేస్తుంది. ఆ ఆపడం 85 దగ్గర కావచ్చు, 150 దగ్గర కావచ్చు. సగం ప్రశ్నలు తప్పు పెట్టినట్టు అనిపించడం కూడా మామూలే, మన స్థాయి అంచునే ప్రశ్నలు అడుగుతుంది కాబట్టి. 265 ప్రశ్నల కాలం కథలు చెప్పే సీనియర్లు దయచేసి గ్రూపులో ఆ టెన్షన్ పెట్టకండి. ఇప్పుడు ఐదు గంటల సమయం, మూడు కేస్ స్టడీలు, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలు. కొన్ని రకాల ప్రశ్నల్లో సగం సరిగ్గా రాసినా కొంత మార్కు వస్తుంది.

ఇక్కడ నా కోపం కొంచెం చెప్పుకోవాలి. ఈ పరీక్షలో ఏముండాలో ఎవరో ఆఫీసులో కూర్చుని ఊహించి రాయరు. 1978లో నర్సింగ్ బోర్డులన్నీ కలిసి పెట్టుకున్న ఎన్‌సీఎస్‌బీఎన్ అనే సంస్థ మూడేళ్లకోసారి కొత్త నర్సులకే సర్వే పంపుతుంది. వందకు పైగా పనుల జాబితా ఇచ్చి, ఇది ఎంత తరచుగా చేస్తున్నావు, రోగి క్షేమానికి ఇదెంత ముఖ్యం అని అడుగుతుంది. ఆ జవాబుల మీదే టెస్ట్ ప్లాన్ మారుతుంది. 2023 ఏప్రిల్ 1న మొదలైన ప్లాన్‌కి గడువు 2026 మార్చి 31, ఆ మర్నాటి నుంచి కొత్తది. సరే, మనలో ఆ మెయిల్ వచ్చినవాళ్లెందరు, నింపినవాళ్లెందరు అని గ్రూపులో అడిగాను. "స్పామ్ అనుకున్నా అక్కా", "డిలీట్ చేసేశా", "సగం నింపి వదిలేశా". ఇవీ వచ్చిన జవాబులు. నర్సింగ్ హోముల్లో, డయాలసిస్ యూనిట్లలో రాత్రిపూట మొదటి ఉద్యోగాలు చేస్తున్నది మన పిల్లలే, వాళ్లు నోరు విప్పకపోతే అక్కడ ఏం జరుగుతోందో ఆ కాగితం మీదికి ఎలా వస్తుంది? పరీక్ష తప్పిన రోజు మాత్రం నాకు గంటసేపు ఫోన్ చేసి అది మనలాంటివాళ్ల కోసం రాయలేదంటారు. ప్రశ్నలు రాయడానికి, సరిచూడడానికి కూడా పని చేస్తున్న నర్సుల్ని పిలుస్తారు. అర్హత ఉన్న సీనియర్లు మన సంఘంలో ఉన్నారు. ఒక్కరు కూడా పేరు ఇవ్వలేదు, నేను మూడుసార్లు అడిగాను.

మిగతావి గబగబా. ఒకే లైసెన్సుతో పలు రాష్ట్రాల్లో పని చేయనిచ్చే కాంపాక్ట్ లైసెన్సు మీద ఒక జూమ్ సమావేశం పెట్టాం. 40కి పైగా చోట్ల అది చెల్లుతుంది, న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో చెల్లదు. ఇల్లు మారేముందు కనుక్కోండి, మారాక నాకు ఫోన్ చేయకండి. పరీక్ష తప్పినవాళ్లకి మళ్లీ రాసేలోపు ఉండే 45 రోజుల విరామంలో చదువు తోడు ఏర్పాటు చేశాం, అది బాగానే నడిచింది. గ్రీన్‌కార్డు కోసం మనవాళ్లు నిలబడే ఈబీ-3 క్యూ గురించి సమావేశం పెట్టమని చాలామంది అడిగారు, పెట్టలేదు. ఆ క్యూ కదిలించడం మన చేతిలో లేదు, లాయరుని పిలిస్తే డబ్బు కావాలి.

డబ్బంటే గుర్తొచ్చింది, లెక్కలు. కోశాధికారి విడిగా పట్టిక పెట్టారు, చూసుకోండి. చందాలు వచ్చినంత వచ్చాయి, వర్క్‌షాప్ హాలుకే ఎక్కువ పోయింది, అప్పులేమీ లేవు. రశీదులు అడిగినవాళ్లకి చూపిస్తారు.

కృతజ్ఞతలు. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చి కేసులు రాసిచ్చిన ఇద్దరు అక్కలకి. అందరి ముందూ తప్పు జవాబు చెప్పి, మర్నాడు కూడా వచ్చి మొదటి వరసలో కూర్చున్న ఆ సీనియర్ అక్కకి, ఆవిడ తర్వాత పాసయింది, ఈ ఒక్కటి చెప్పడానికి ఆవిడే ఒప్పుకుంది. పిల్లల్ని చూసుకుంటూ ఇంట్లో ఉండిపోయిన భర్తలకి. జూమ్ నడిపిన అబ్బాయికి, వాడు నర్సు కూడా కాదు, మా చెల్లెలి కొడుకు. వస్తామని పేరిచ్చి రాని పదకొండు మందికి కూడా, మీ భోజనాలు మేం ఇళ్లకి పట్టుకెళ్లాం.

వచ్చే ఏడాదికి కార్యదర్శిగా నేను నిలబడను, ఇది మూడోసారి చెప్పడం. నామినేషన్లకి ఎవరూ ముందుకు రాలేదు. సమావేశం మొదలయ్యేలోపు ఒక్క పేరైనా పంపండి, ఫైళ్లన్నీ ఒకే డ్రైవ్‌లో పెట్టాను, పాస్‌వర్డ్ అధ్యక్షురాలి దగ్గర ఉంది.

మీ కార్యదర్శి