ఒక గేటు లేవకపోతే

తిరుపతి,
ఆదివారం

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. "డ్యాం ఇంజినీరునని చెప్పుకుంటావు, పొద్దస్తమానం కంప్యూటర్ ముందే కదరా నీ కాపురం" అని ఎగతాళి చేశావే, విను మరి.

నేను లెక్కగట్టేది స్పిల్‌వే, అంటే డ్యాంలోంచి వరద నీళ్లు బయటికి పోయే దారి, దాని మీంచి వరద ఎలా దూకుతుందనేదే. నీళ్లనీ, పైనున్న గాలినీ చిన్న గళ్లుగా విడగొట్టి, ఏ గడి ఎంత నిండింది, ఎంత వేగంగా పోతోంది అని చూస్తాం. ఇరవై మీటర్లు కిందికి దూకిన నీళ్లు సెకనుకు దాదాపు 20 మీటర్ల వేగం అందుకుంటాయి. 10 సెంటీమీటర్ల గడిని సెకనులో 200వ వంతుకే దాటేస్తాయి. లెక్క కాలంలో అంతకన్నా చిన్న అంగలేయాలి. ఒక్క నిమిషం వరదకు 12,000 అంగలు దాటుతాయి! గడిని సగం చేస్తే పని 16 రెట్లు. రాత్రి రన్ పెట్టి ఇంటికి పోతా. పొద్దున వచ్చేసరికి కరెంటు పోయి ఆగిపోయుంటే ఆ పూట నా జోలికి ఎవరూ రారు.

కంప్యూటర్ గీసిచ్చే రంగురంగుల బొమ్మలు చూసి మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. ముందు చేత్తో లెక్కేసుకోవాలి.

2021 నవంబర్ గుర్తుందా? కళ్యాణి డ్యాం గేట్లెత్తడం, స్వర్ణముఖి పొంగడం, రాయలచెరువు కట్ట ఏమవుతుందోనని ఒకటే టెన్షన్. 19న కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. అప్పట్నుంచీ నన్ను తొలిచేది ఒకటే: వరదలో ఒక గేటు లేవకపోతే?

ఉదాహరణకు ఐదు గేట్లు, గేటు గడప మీద 10 మీటర్ల నీటి ఎత్తు అనుకో. అదే వరద నాలుగు గేట్లలోంచే పోవాలంటే నీళ్లు 11.6 మీటర్లకు ఎక్కాలి. చాలా కట్టల మీద వరదకని వదిలే జాగా ఆ మీటరున్నర, రెండు మీటర్లే కదా! కాంక్రీటు డ్యాం పొర్లినా నిలబడొచ్చు, మట్టికట్ట కోసుకుపోతుంది.

చేతిలెక్క అక్కడిదాకే. మూసుకున్న గేటు ముందు నీళ్లు పక్కకు మళ్లి, గేట్ల మధ్యనుండే దిమ్మె అంచుకు కొట్టుకుని సుడి తిరుగుతాయి. దాంతో పక్కనున్న తెరిచిన గేటు మామూలుగా వదిలేంత కూడా వదలదు. ఎంత తగ్గుతుందో చెప్పేది నా కంప్యూటర్ మోడలే. నురగ దగ్గర మాత్రం దాన్ని పూర్తిగా నమ్మను. పోలవరం స్పిల్‌వేకు చేసినట్టు పుణెలో చిన్న నమూనా కట్టి చూసినా, నమూనాతో పాటు గాలిబుడగలు చిన్నవి కావుగా.

సరే, ఒక పని చెయ్యి. మీ ఊరి చెరువు మొరవ (అలుగు) పొడవు, కట్టకూ మొరవకూ ఎత్తు తేడా టేపు పెట్టి కొలిచి పంపు. నీళ్లు ఆపడానికి మొరవ మీద ఇసుక మూటలు పేర్చారేమో చూడు. పేర్చుంటే వానలు ముదరకముందే సర్పంచికి చెప్పి తీయించు, అదీ లేవని గేటే.

నీ
మామ