పాత పాటలన్నీ దొరుకుతాయట!

సంపాదకులు గారికి,

పది రోజుల కిందట మీ ఆదివారం అనుబంధంలో తొలినాటి గ్రామఫోన్ పాటల మీద వేసిన వ్యాసం చదివాను. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు.

‘వేలు కదిపితే చాలు, పాత పాటలన్నీ దొరుకుతాయి’ అన్నారు. దొరికింది ఏదో తెలిస్తే కదా! ఒకే పాట నాలుగు చోట్ల నాలుగు పేర్లతో ఉంటుంది. పాడిందెవరో ఉండదు, సంవత్సరం ఉండదు. ‘చాలా పాతది’ అని రాసి చేతులు దులుపుకుంటారు. రికార్డు మీద గాడి అయిపోయి లేబుల్ మొదలయ్యే ఆ కాస్త నల్లటి జాగాలో మ్యాట్రిక్స్ నంబరు, అంటే ఆ రికార్డింగుకు కంపెనీ వేసిన గుర్తు, ఉంటుంది. ఏ కాలానిదో, ఎన్నోసారి పాడించినప్పటి టేకో పట్టుకోవడానికి అదే ఆధారం. నెట్‌లో ఎక్కించేవాళ్లలో దాన్ని చూసి రాసే ఓపిక ఎంతమందికి ఉంది? 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే చెప్పింది. రికార్డులు తయారయ్యేది జర్మనీలో, అక్కడివాళ్లకు ఎవరి పాటో తెలియాలని. ఆవిడకున్న ముందుచూపు మన కంప్యూటర్లకు లేకపోయింది.

వేగం సంగతి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరగాలన్నది తర్వాత స్థిరపడ్డ లెక్క. బాకాలోకి పాడించిన రోజుల్లో ఎవరి వేగం వారిది. 74 దగ్గర తీసిన పాటను 78లో తిప్పితే దాదాపు అర శ్రుతి పైకెక్కుతుంది. అది విని ‘ఆ రోజుల్లో గొంతులు ఎంత సన్నమో’ అని మనం మురిసిపోతాం! అసలు శ్రుతి తేల్చుకోవడానికి కాస్తో కూస్తో ఆసరా అచ్చయిన స్వరలిపి పుస్తకమే. పైగా రికార్డులో పట్టేది మూడు నిమిషాలే. కోసేసిన చరణాలు మిగిలేది ఆ కాగితం మీదే.

దాని కోసం నేను తిరిగిన గ్రంథాలయం పేరు చెప్పను. కేటలాగులో కార్డు ఉంది, బీరువాలో పుస్తకం లేదు. మొదటిసారి ‘బైండింగ్‌కి వెళ్లింది’ అన్నారు. రెండు నెలలాగి వెళ్తే ‘స్కానింగ్‌కి వెళ్లింది’ అన్నారు. మూడోసారి అలాంటి పుస్తకమే లేదన్నారు, కార్డు నా చేతిలో ఉండగానే. స్కానింగ్ ప్రాజెక్టు ప్రారంభోత్సవం ఫొటోలు మాత్రం గోడకు భద్రంగా ఉన్నాయి, అద్దాలతో సహా.

ఉన్నవి బయటపెట్టమని అడిగితే కాపీరైట్ అంటారు. 1923కు ముందు విడుదలైన రికార్డింగులను అమెరికా 2022 జనవరి 1న జనానికి వదిలేసింది. మన చట్టంలో రికార్డింగ్ మీద హక్కు 60 ఏళ్లే. సాహిత్యానికీ బాణీకీ లెక్క వేరు, ఒప్పుకుంటాను. కనీసం తమ దగ్గర ఏమున్నాయో జాబితా పెట్టడానికి ఏ చట్టం అడ్డొచ్చింది?

అసలు పేరు చెప్పే మర్యాదే పోయింది లెండి. రేడియోలో రచన, సంగీతం, గానం అన్నీ చెప్పి పాట వేసేవారు. ఇప్పుడు టీవీలో పాట రాసినవాడికి దిక్కు లేదు, యాంకర్ చీర ఎవరు డిజైన్ చేశారో మాత్రం వేస్తారు.

పోతే, మీ వ్యాసంతో వేసిన ఫొటోలో ఇత్తడి బాకా గ్రామఫోన్ మీద ఉన్నది ఎల్పీ, అంటే సన్న గాళ్ల లాంగ్ ప్లే రికార్డు. అవి వచ్చిందే 1948లో. దాని మీద ఆ ఉక్కు సూది పెడితే పాట రాదు, గాడి దున్నుకుపోతుంది.

— ఒక పాత చందాదారు