కొబ్బరి డొక్కల్ని కూడా లెక్కలోకి తీసుకోండి

సంపాదకులకు నమస్కారం.

2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రం అయినప్పటి నుంచి అమలాపురం బాగా పెరిగిందంటున్నారు. నిజమే. మా అంబాజీపేట నుంచి బస్సెక్కితే ఒకప్పుడు తోటలూ చేలూ ఉన్న చోట ఇప్పుడు రంగులేసిన సరిహద్దు రాళ్లు, ప్లాట్ల బోర్డులు కనిపిస్తాయి. ముప్పై ఏళ్లుగా కొబ్బరి వ్యాపారం చేస్తున్న నాకు ఒకటే సందేహం. మెరక తోలే ట్రాక్టర్లకు ఓ నెల పని, మేస్త్రీలకు ఓ ఏడాది. ఆ తర్వాత ఆ ప్లాట్ల వల్ల ఎవరికి పని?

మా కొట్టు వెనక తెల్లవారుజామునే వలుపు మొదలవుతుంది. నేలలో పాతిన గునపం మీద కాయను రెండు మూడు పోట్లు పొడిచి తిప్పితే డొక్క, అంటే పైనున్న పీచు తొక్క, ఊడొస్తుంది. కాయలు సంచుల్లోకి, సంచులు లారీలోకి, లారీ గుజరాత్‌కో రాజస్థాన్‌కో పోతుంది. దసరా, దీపావళి ముందైతే ఊపిరి సలపదు. డొక్కలు మాత్రం గుట్టగా ఇక్కడే పడి ఉంటాయి. కొన్ని పీచు మిల్లుకు, కొన్ని పొయ్యిలోకి పోతాయి. మిగతావి వానకు తడిసి కాలువ గట్టున కుళ్లుతాయి. పీచు, తాడు, నర్సరీ వాళ్లు వాడే పొట్టు, అన్నీ ఆ డొక్కలోంచి వచ్చేవే. గౌతమి దాటితే కడియం నర్సరీలున్నాయి. తమిళనాడులో పొల్లాచ్చి చుట్టుపక్కల ఈ డొక్క మీదే ఎన్నో యూనిట్లు నడుస్తున్నాయి. మనం కాయ పంపి చేతులు దులుపుకుంటున్నాం.

మూడేళ్ల కిందట మా బావమరిదీ నేనూ కలిసి చిన్న పీచు యూనిట్ పెడదామనుకున్నాం. పీచు, పొట్టు ఆరబెట్టాలంటే నీళ్లు నిలవని నేల అరెకరమైనా కావాలి. లీజుకు అడిగితే తెలిసిన రైతే నవ్వేశాడు. ‘‘అందరూ సెంట్ల లెక్కన అడుగుతుంటే మీరు ఎకరాల లెక్కన అడుగుతారేంటండీ!’’ అన్నాడు. అతని తప్పేం లేదు. ఒక కార్యాలయానికి వెళ్తే లేఅవుట్‌కైతే దరఖాస్తు ఉందిగానీ ఆరబెట్టుకునే కళ్లానికి ఏమీ లేదన్నారు. అక్కడితో వదిలేశాం.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీలకు అప్పగించదగిన పనులు 18 ఉన్నాయి. మొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూవినియోగం, కట్టడాల నియంత్రణ. మూడోది ఆర్థిక, సామాజిక అభివృద్ధికి ప్రణాళిక. మనకు కనిపించే మున్సిపాలిటీ మొదటి రెండింటి దగ్గరే ఆగిపోయింది. అమలాపురం మున్సిపాలిటీ, మా ఊరు పంచాయతీ కాబట్టి ఇది మా పని కాదని ఎవరూ తప్పించుకోవడానికి లేదు. పల్లె, పట్నం ప్రణాళికలను కలిపి చూడడానికే జిల్లా ప్రణాళికా కమిటీ ఉండాలని అదే సవరణ చెప్పింది.

రైలొస్తే అన్నీ వస్తాయంటారు. కోటిపల్లి–నరసాపురం లైను మంజూరై పాతికేళ్లయింది. స్తంభాలు లేచాయి, రైలు మాత్రం రాలేదు. రేపు వచ్చినా ఇదే పద్ధతయితే లారీలో ఎక్కే సంచులే రైలెక్కుతాయి.

అంబాజీపేట మార్కెట్‌కు దగ్గర్లో రెండు మూడెకరాల ప్రభుత్వ భూమి చూసి, మెరక చేసి, సిమెంటు కళ్లం, రేకుల షెడ్డు, త్రీఫేజ్ కరెంటు ఇచ్చి, చిన్న యూనిట్లకూ మహిళా సంఘాలకూ అద్దెకివ్వాలి. డొక్కలు నానబెట్టిన నీళ్లు కంపు కొడతాయి, ఆ మాట దాచను. అందుకే ఇళ్లకు దూరంగా, ఆ నీళ్లు పంట కాలువలో కలవకుండా చూడాలి. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా ప్రణాళికలో దీనికి ఒక్క పేజీ కేటాయించినా చాలు.

అధికారులెవరైనా వస్తానంటే మా కొట్టు వెనక గుట్ట చూపిస్తాను. కాస్త పొద్దున్నే రావాలి. పదయ్యేసరికి వలుపు వాళ్లు వెళ్లిపోతారు.

— ఒక కొబ్బరి వ్యాపారి, అంబాజీపేట