మన పుస్తకాల కూటం, శ్రీకాకుళం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

"సభ్యులు మంచి మంచి పుస్తకాలు ఒకరికొకరు సిఫారసు చేసుకున్నారు" అని పోయిన ఏడాది నివేదికలో నేనే రాశాను. ఇప్పుడు చూసుకుంటే నాకే నవ్వొస్తోంది. సిఫారసులకేం లోటు లేదు. బీరువా పక్కన వేలాడే నోట్‌బుక్కులో పేజీలకు పేజీలు పేర్లున్నాయి. చదివినవాళ్లే లేరు. ఏప్రిల్ కూటంలో కోశాధికారి గారు ఆ నోట్‌బుక్కు తెరిచి ఒక్కో పేరూ చదువుతూ "ఇది చివరిదాకా చదివినవాళ్లు చెయ్యెత్తండి" అన్నారు. చాలా పేర్లకు ఒక్క చెయ్యీ లేవలేదు. రెండు పేర్లకైతే, ఆ పేరు రాసిన మనిషి చెయ్యి కూడా లేవలేదు. ఆ ఇద్దరిలో నేనొకదాన్ని.

ఆ రోజు పెట్టుకున్న నియమం ఏడాది పొడుగునా నడిచింది. పుస్తకం పేరు చెబితే చాలదు, అందులోంచి ఒక పేజీ అందరికీ చదివి వినిపించాలి. సగమే చదివితే సగమే అని ఒప్పుకోవాలి. "ప్రతి విశ్వాసీ తప్పక చదవాల్సిన పుస్తకం" అనే మాట కూటంలో ఎవరూ అనకూడదు. ఇదేం పరీక్షా అని ఒక అన్నయ్య అలిగి రెండు నెలలు రాలేదు. మూడో నెల పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చారు.

మే నెల రెండో శనివారం కరెంటు పోయింది. లోపల ఉక్క భరించలేక అందరం డాబా మీద చాపలు వేసుకున్నాం. సండే స్కూల్ చెప్పే చెల్లెమ్మ ఆ వేళ 'యాత్రికుని ప్రయాణము' తెచ్చింది. ఇది 1678లో ఇంగ్లండులో అచ్చయిన పుస్తకమని, రాసిన జాన్ బన్యన్ గిన్నెలకు మాట్లు వేసుకుని బతికినవాడని, అనుమతి లేకుండా వాక్యం చెప్పాడని 1660 నుంచి పన్నెండేళ్లు బెడ్‌ఫర్డ్ జైల్లో పెట్టారని చెప్పింది. స్త్రీల సమాజంలో అందరికంటే పెద్దామె, రెండు కళ్లకూ శుక్లాలు రావడంతో చదవడం మానేసినావిడ, వెనక గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నారు. "మాట్లేసుకునీవోడా? ఆడు పుస్తకం రాసేడా?" అంటూ లేచి ముందుకొచ్చి కూర్చున్నారు.

చదివింది ఊబి ఘట్టం. పెళ్లాం పిల్లల్ని ఇంట్లో వదిలి, వీపు మీద పాపాల మూటతో పరలోక పట్టణానికి బయలుదేరిన 'క్రైస్తవుడు' అనే కథానాయకుడు, వెంట వచ్చిన పొరుగువాడు ఇద్దరూ బురదలో కూరుకుపోతారు. పొరుగువాడు ఎలాగో కొట్టుకుని ఇంటివైపు గట్టెక్కి వెనక్కి వెళ్లిపోతాడు. మూట ఉన్నవాడు అవతలి గట్టువైపే దేకుతాడు. ఇరవై వేల బళ్ల మంచి మాటలు తెచ్చి పోసినా ఆ ఊబి పూడలేదని రాశాడు బన్యన్. మాలో కొందరం అది విని తలలు దించుకున్నాం, మన కూటం నోట్‌బుక్కు గుర్తొచ్చి. పెద్దామెకు మాత్రం అదేం పట్టలేదు. "దిగబడ్డోడు ఎప్పుడూ వొచ్చిన గట్టుకే పాకుతాడమ్మా. ఆ గట్టయితే తెలిసిందే గదా" అన్నారు. చిన్నప్పట్నుంచీ ఊడ్పుల్లో మోకాలి లోతు బురదలో నిలబడ్డ మనిషి ఆవిడ. ఈ పుస్తకం మీద నేను విన్న ప్రసంగాల్లో ఆ మాట ఎవరూ చెప్పలేదు.

అప్పట్నుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం ఇద్దరేసి సభ్యులు వంతులవారీగా ఆవిడ ఇంటికి వెళ్లి చదివి వినిపిస్తున్నారు. పాత అనువాదం గ్రాంథికం కావడంతో చదివేవాళ్లు ఎక్కడికక్కడ మన మాటల్లోకి మార్చుకుంటున్నారు. ఇది నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, కానీ వినేవాళ్లు పెరిగారు. మొదట ఆవిడొక్కరే, తర్వాత పక్కింటి ఇద్దరు, దీపావళి నాటికి వీధరుగు నిండిపోయింది. ఆ పక్కింటి ఇద్దరిలో ఒకరు మన సంఘం కాదు, ఏ సంఘమూ కాదు. కథ కోసం వస్తున్నారు.

రెండో వారమే పెద్దామె ఒక ప్రశ్న వేశారు. "మూటెత్తుకుని ఈడు ఎలిపోనాడు, బాగుంది. మరి పెళ్లాం పిల్లల సంగతేటి?" చెల్లెమ్మకు జవాబు తెలీక నన్నడిగింది. నాకూ తెలీదు. వెతికితే తేలిందేమిటంటే, బన్యన్ 1684లో రెండో భాగం రాశాడు, ఆ భార్యా పిల్లలూ అదే దారిలో నడిచిన కథ. ఇన్నేళ్లుగా ఈ పుస్తకం పేరు చెప్పుకుంటున్న మనలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో చేతులెత్తించి అడగాలని లేదు.

జూలై కూటంలో తెలుగు లెక్చరర్‌గా రిటైరయిన మాస్టారు జాషువా గారి 'క్రీస్తు చరిత్ర' పద్యాలు చదివారు. 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చిన కావ్యం. పద్యమంటే జారుకునే కుర్రాళ్లు కూడా కదలకుండా విన్నారు, మాస్టారి గొంతు అలాంటిది. చర్చ మాత్రం ఆయనదే మరో కావ్యం, గబ్బిలంతో శివుడికి కబురంపే 'గబ్బిలం' మీదికి మళ్లింది. డిగ్రీ చదివే తమ్ముడు ఒకడు "క్రైస్తవుడై ఉండి కాశీ విశ్వనాథుడికి కబురెందుకు పంపాడు మాస్టారూ?" అన్నాడు. మాస్టారు నవ్వి, "పంపింది జాషువా కాదురా, ఆ కావ్యంలో ఉన్న పేదవాడు. వాణ్ణి గుడిలోకి రానివ్వరు. గబ్బిలాన్ని ఎవరాపుతారు?" అన్నారు. ఆ పైన ఎవరూ మాట్లాడలేదు. మన బీరువాలో ఎందరో విదేశీ బోధకుల పుస్తకాలున్నాయి, జాషువా ఒక్కటీ లేదని ఆ రోజే గమనించాం. ఇప్పుడు రెండున్నాయి.

సెప్టెంబరులో పుస్తకం పక్కనపెట్టి పాటల పుస్తకం పట్టుకున్నాం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో చాలా కీర్తనలకు రాగం, తాళం, రచయిత పేరు అచ్చు వేసే ఉంటాయి. మనం అవి చూడం. పురుషోత్తమ చౌదరి పేరు ఎన్ని కీర్తనలకు ఉందో పిల్లలు లెక్కపెడుతూ పోయి మధ్యలో లెక్క తప్పారు. ఆయన పుట్టింది 1803లో, మనకు దగ్గర్లోని పర్లాకిమిడి ప్రాంతంలోనే. "మనూరి పక్కనాయనేనా!" అని ఆశ్చర్యపోయారు, నలభై ఏళ్లుగా ఆ పాటలు పాడుతున్నవాళ్లు.

యవ్వనస్తులు జర్మన్ పాస్టరు బోన్‌హోఫర్ రాసిన, 1939లో అచ్చయిన 'లైఫ్ టుగెదర్' ఇంగ్లిషులో చదివారు. నాజీల రహస్య పోలీసులు మూయించిన చిన్న సెమినరీలో కలిసి బతికిన అనుభవం నుంచి పుట్టిన పుస్తకం అది. ఎదుటివాడి మాట వినడం కూడా పరిచర్యే అన్న భాగం చదివి వినిపిస్తుండగా వెనక ఇద్దరు పెద్దలు టీ గురించి గట్టిగా మాట్లాడుకుంటున్నారు. పేర్లు రాయను. హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిలును మరాఠీలోకి తెచ్చిన పండిత రమాబాయి జీవితాన్ని స్త్రీల సమాజం చదివింది. ఎవరో దానమిచ్చిన 'ఇన్ని మెట్లలో ఐశ్వర్యం' తరహా పుస్తకాలు మూడు ఒక్కో పేజీ వినిపించగానే అట్టపెట్టెలోకి వెళ్లిపోయాయి. ఈ నియమం వల్ల ఇదొక లాభం.

ఫిబ్రవరిలో పదకొండుమందిమి కథానిలయానికి వెళ్లాం. కథారచయిత కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో మన ఊళ్లోనే నెలకొల్పిన కథల గ్రంథాలయం. చాలామందికి అదే మొదటిసారి చూడటం, సిగ్గుచేటు. ఒక్క కథ కూడా పోకూడదని అక్కడ పడే శ్రద్ధ చూసొచ్చాక మన బీరువాకు కూడా ఒక జాబితా రాశాం.

ఆ జాబితా రాసేటప్పుడే కింది అరకు చెదలు పట్టిన సంగతి బయటపడింది. తొమ్మిది పుస్తకాలు పోయాయి. పిల్లల పుస్తకాలకని డబ్బు ముందే కట్టించుకున్న ఒక దుకాణం నాలుగు నెలలు తిప్పి, చివరికి వేరే భాష పుస్తకాలు పంపింది. తిరిగి పంపాం, డబ్బు వచ్చింది, పిల్లల అర మాత్రం ఇంకా ఖాళీ. ఈ తప్పులో నా వాటా కూడా ఉంది, రసీదు సరిగా చూసుకోలేదు.

లెక్కలు: సభ్యులు 31 మంది, నెలకు 30 రూపాయల చొప్పున వసూలైంది 10,680. పుస్తకాలకు 6,240, బైండింగుకు 950, టీ, బిస్కట్లకు 2,700 పోను 790 రూపాయలు నిల్వ. బాకీ ఉన్న పదహారు నెలల చందా ఎవరిదో వారికి తెలుసు.

పెద్దామెకు వచ్చే నెలలో కంటి ఆపరేషన్. "చూపొచ్చినాక నానే చదువుకుంటాను, మీరు మద్దిలో మింగేస్తన్నారు" అంటున్నారు. అందాకా శనివారం వంతు మాత్రం ఆపవద్దన్నారు. రెండో భాగం మొదలైంది, భార్య ఇంకా ఊబి దగ్గరికి రాలేదు. ఈ శనివారం వంతు కోశాధికారి గారిది, నాది. మూడు గంటలకు.

వందనాలతో,
కార్యదర్శి