మలుపులో ఒరగని కారు

నాగోయా
ఆదివారం రాత్రి

ఒరేయ్ సుబ్బూ,

జవాబు ఆలస్యమైంది, కోప్పడకు. ఇక్కడ అందరం బాగున్నాం, చిన్నది బడికెళ్తోంది, చలి మొదలైంది. నిన్న నేను టయోటా వాళ్ల సోరర్ కారెక్కాన్రా! అదీ యాక్టివ్ సస్పెన్షన్‌ది, అంటే కారు ఒరగకుండా కంప్యూటరే చూసుకునే రకం!

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నాడని చెప్పానే, ఆయనదే. 1991లో వచ్చిన మూడో తరం కారు. అందులో ఈ యాక్టివ్ రకం మొత్తం చేసిందే 873. అమెరికాలో టయోటా ఖరీదైన కార్ల బ్రాండు లెక్సస్ కింద ఎస్‌సీ 400 పేరుతో అమ్మిన కారుకి ఇది పెట్టనే లేదు.

మికావా కొండల వైపు తీసుకెళ్లాడు. మొదటి మలుపు రాగానే నా చెయ్యి దానంతటదే పిడి కోసం పైకి పోయింది. మీ బాబాయి అంబాసిడర్‌లో దోర్నాల ఘాట్ ఎక్కిన ఒళ్లు కదా! కానీ కారు ఒరగలేదురా. ఒంటిని పక్కకి లాగుతున్నట్టు తెలుస్తోంది, కారు మాత్రం నేలకి సమంగానే ఉంది. బ్రేకేస్తే ముక్కు కిందికి దించదు. ఆ రోజు నిమ్మకాయల బుట్ట ఇందులో పెట్టుంటే మీ పిన్నికి మనం అన్ని అబద్ధాలు చెప్పాల్సొచ్చేది కాదు.

ఒక్కో చక్రం దగ్గర హైడ్రాలిక్ సిలిండర్ ఉంటుంది. కారు ఎటు తూగబోతోందో సెన్సార్లు కనిపెడితే, కంప్యూటర్ అటువైపు ఒత్తిడి పెంచుతుంది. స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలతో పాటు వెనక చక్రాలు కూడా పక్కకి తిరుగుతాయి. ఆ పంపుకి ఇంజన్ బలంలో కొంత పోతుంది, అయినా నాలుగు లీటర్ల వీ8, ఎనిమిది సిలిండర్ల ఇంజన్ కదా, లోటేం తెలియలేదు.

దిగాక ఆయన్ని వదల్లేదు. ఇదంతా ఒక్కసారిగా ఊడిపడింది కాదట. 1981లో మొదటి సోరర్ గీతలు గీసినట్టు పలకలు పలకలుగా ఉండేది, డాష్‌బోర్డు మీద అంకెల మీటరు. 1983లో దానికే డ్యాంపర్ల (కుదుపుల్ని అణిచే గొట్టాల) బిగువుని కరెంటుతో మార్చే టెమ్స్ అనే ఏర్పాటు పెట్టారు. 1986లో రెండో తరం, మూడు లీటర్ల టర్బో, ఎయిర్ సస్పెన్షన్. ఆ తర్వాత ఇది. పదేళ్లు పట్టు వదలకుండా ఒకే పని మీద కూర్చున్నారు. టయోటా తన ధైర్యమంతా పెట్టింది ఈ ఒక్క కారు మీదే అనిపిస్తుంది నాకు.

ఒంటి తీరు ఇంకో కథ. దీన్ని గీసింది కాలిఫోర్నియాలో టయోటాకున్న కాల్టీ డిజైన్ స్టూడియో. అక్కడి డిజైనర్లు ఎర్విన్ లూయీ, డెనిస్ క్యాంప్‌బెల్ కాగితం పక్కన పెట్టి, బెలూన్లలో ప్లాస్టర్ పోసి, చేత్తో నొక్కి, గట్టిపడ్డాక ఆ వంపులు చూసుకున్నారట. నేను బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను, ఎక్కడా అంచు తగలదు. నువ్వుంటే మనం... సరే, నువ్వొచ్చినప్పుడు.

2001లో నాలుగో తరం వచ్చింది. అల్యూమినియం పైకప్పు మడిచి డిక్కీలో దాచుకుంటుంది. అందంగానే ఉంటుంది, కాదనను, కానీ ఆ యాక్టివ్ సస్పెన్షన్ లేదు. నాకు నిజంగా బాధేసింది. 2005లో లెక్సస్ జపాన్‌కొచ్చాక సోరర్ పేరే తీసేసి ఎస్‌సీ 430 అన్నారు. అదీ 2010తో ఆగిపోయింది.

తర్వాత 2017లో లెక్సస్ వాళ్ల పెద్ద కూపే ఎల్‌సీ వచ్చింది. దాని చీఫ్ ఇంజనీరు కోజీ సాతో, 2023లో టయోటా అధ్యక్షుడయ్యాడు చూడు! ఎల్‌సీ 500హెచ్‌ని 2020లో మన దేశంలోనూ అమ్మకానికి పెట్టారు, అప్పట్లోనే ఖరీదు కోటీ తొంభై లక్షలు దాటింది. హైదరాబాదులో ఎక్కడైనా కనిపిస్తే దాని వెనక భాగం బాగా చూడు, ఎందుకంటే ఆ దీపాల దగ్గర...

అయ్యో, ఈ ఉత్తరం తీసుకెళ్లేవాళ్లు కిందికొచ్చేశారు. విమానానికి టైమైందట. ఫోటోలు కవర్లోనే పెడుతున్నా, బాబాయికి చూపించు. ఉంటా.

నీ
రాజు