పత్తర్‌గట్టి వరండాలను నడిచేవాళ్లకు తిరిగి ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను శాలిబండలో పుట్టి పెరిగినదాన్ని. మా ఇంట్లో పెళ్లి కుదిరిందంటే ముందు గుర్తొచ్చేది చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టి బజారే. బట్టలూ అత్తరూ అక్కడ, వెండి బంగారాలు గుల్జార్‌హౌజ్ దగ్గర, గాజులు లాడ్‌బజార్‌లో. మొన్న ఎండాకాలంలో మా అక్క కూతురి పెళ్లికి చీరలు తీసుకుందామని డెబ్బై దాటిన మా అమ్మను వెంటబెట్టుకుని వెళ్లాం. మదీనా చౌరస్తాలో ఆటో దిగి గుల్జార్‌హౌజ్ వైపు నడక మొదలుపెట్టాం. పెద్ద దూరమేమీ కాదు. అయినా సగం దారిలోనే అమ్మ ఒక దుకాణం మెట్టు మీద కూలబడింది. రోడ్డు మీద చూస్తే మాడిపోయే ఎండ, వాహనాల రద్దీ. వరండాలోకి ఎక్కుదామంటే కాలు పెట్టే చోటు లేదు. లెహంగాలు తొడిగిన బొమ్మలు, అట్టపెట్టెలు, స్టూళ్లు, బైకులు. "మా రోజుల్లో ఎండైనా వానైనా ఈ కమాన్ల కిందనుంచే పోయేవాళ్లం, గొడుగు ఊసే ఉండేది కాదు" అంది అమ్మ.

ఆ రోజు ఏమీ కొనకుండానే తిరిగొచ్చాం. చీరలు వారం తర్వాత కూకట్‌పల్లిలో కొన్నాం. తరతరాలుగా ఈ బజారుకు వెళ్లిన మా ఇంటి డబ్బు ఈసారి వేరే చోటికి పోయింది. మా ఒక్కరిదే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. మా బంధువుల్లో, మా వాడలో చాలామంది ఇప్పుడు ఇదే చేస్తున్నారు.

ఈ వరండాలు ఎందుకొచ్చాయో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి నగరాన్ని ముంచేశాక, 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఆ తర్వాతి కాలంలో ఈ దారిని వెడల్పు చేసి, రెండు వైపులా రాతి కమాన్లతో దుకాణాల వరుసలు కట్టారు. పత్తర్ అంటే రాయి, ఆ రాతి కట్టడం వల్లే ఈ పేరు. కొనడానికొచ్చేవాళ్లు నీడలో నడుస్తూ ఒక్కో దుకాణం చూసుకుంటూ పోవడానికి కట్టిన వరండాలవి. మన ఊరి ఎండ తెలిసినవాళ్లు చేసిన పని.

చార్మినార్ పాదచారుల ప్రాజెక్టు ఇరవై ఏళ్లకు పైగా నడుస్తోంది. కట్టడం చుట్టూ రాళ్లు పరిచారు, వాహనాలు ఆపారు. పొగా హారన్లూ తగ్గాయి, పిల్లలు స్వేచ్ఛగా తిరుగుతున్నారు. అది మంచి పని, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. కానీ మే నెల మధ్యాహ్నం ఆ రాళ్ల మీద ఎవరు నడవగలరు? నీడ కోసం కొత్తగా ఏదో కట్టాల్సిన అవసరం కూడా లేదు. వందేళ్ల కిందటే కట్టి ఉంది. దాన్ని ఖాళీ చేయించాలి, అంతే.

దీన్ని అందం కోసమే అడుగుతున్నానని అనుకోవద్దు. 2025 మే 18న గుల్జార్‌హౌజ్ దగ్గర ఒక పాత భవనంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు. వాళ్లలో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. లోపలికి వెళ్లడానికీ బయటికి రావడానికీ ఉన్నది ఒక్క ఇరుకు దారే. ఆ వార్త విన్నప్పటినుంచి పత్తర్‌గట్టిలో తల పైకెత్తి చూస్తే భయమేస్తోంది. కమాన్లకు అడ్డంగా కేబుళ్లు, కరెంటు తీగలు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి, కింద అట్టపెట్టెలు, పైన బోర్డులు. వరండా ఖాళీగా ఉంటే మనుషులు పరుగెత్తి బయటపడడానికి దారి ఉంటుంది, ఫైర్ సిబ్బంది లోపలికి రావడానికీ ఉంటుంది. తీగలను భూమిలోకి దించే పని ఇక ఆలస్యం చేయకూడదు.

దుకాణదారుల భయం నాకు తెలుసు. సరుకు బయట పెట్టకపోతే గిరాకీ పక్క కొట్టుకు పోతుందన్న టెన్షన్. అందుకే ఒక్కొక్కరినీ విడిగా అడిగితే ఎవరూ ఒప్పుకోరు. మొత్తం వరుస ఒకే రోజు లోపలికి జరిగితే ఎవరికీ నష్టం ఉండదు. మొజంజాహీ మార్కెట్‌ను చూడండి. 1935 నాటి ఆ రాతి కట్టడం రేకులూ బోర్డులూ కప్పేసి కళ తప్పి ఉండేది. 2020 నాటికి బాగుచేశాక మళ్లీ కుటుంబాలు పిల్లలతో వచ్చి కూర్చుని ఐస్‌క్రీమ్ తింటున్నాయి.

తోపుడుబండ్లవాళ్లను మాత్రం తరిమేయకండి. పత్తర్‌గట్టి అంటే పెద్ద షోరూములే కాదు, రుమాళ్లు, పిన్నులు, పళ్లు అమ్ముకునేవాళ్లు కూడా. సర్వే పూర్తిచేసి వ్యాపార ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ కదిలించకూడదని 2014 నాటి వీధి వ్యాపారుల చట్టమే చెబుతోంది. ముందు వాళ్లతో కూర్చుని మాట్లాడి, గీతలు గీసి స్థలాలు ఇవ్వండి. ఆడవాళ్లకు శుభ్రమైన టాయిలెట్లు కావాలి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పాలో తెలియదు. నాలుగు గంటలు షాపింగ్ చేయాలంటే నీళ్లు తాగడానికి కూడా వెనకాడుతున్నాం.

మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రో వస్తోంది. అది మొదలయ్యాక స్టేషన్ దిగినవాళ్లు నడుచుకుంటూనే బజారుకు వస్తారు. లాడ్‌బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. వాటి కోసం దూరం నుంచి వచ్చేవాళ్లకు దారి ఉండాలి కదా.

నగర పాలకులకూ, విద్యుత్ అధికారులకూ, పత్తర్‌గట్టి వ్యాపారులకూ నా విన్నపం ఒక్కటే. మొత్తం పాతబస్తీని ఒకేసారి బాగుచేయమని అడగడం లేదు. మదీనా నుంచి చార్మినార్ వైపున్న మచ్లీ కమాన్ దాకా ఒక వైపు వరండాను వచ్చే మార్చి లోపు ఖాళీ చేయించండి. ఆ వైపు తీగలు తీయించి, రెండు చోట్ల కూర్చోడానికి బల్లలు వేయించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
శాలిబండ, హైదరాబాద్